మంచు మీదికి రాణీరంగు సాటిన్

మా బాపు లక్ష్మీరాజం సూరత్‌కు ఎలా వచ్చాడో చెబితే ఆయన సంగతి సగం తెలిసిపోతుంది. 1994లో ఇక్కడ ప్లేగు వచ్చింది. జనం పిల్లల్ని చంకనేసుకుని స్టేషన్ మీద పడ్డారు, దొరికిన రైలెక్కి పారిపోయారు. సరిగ్గా అప్పుడే జగిత్యాల పక్క పల్లె నుంచి పదహారేళ్ల మా బాపు సూరత్ రైలెక్కాడు. ఊరంతా ఒక దారి అయితే ఉలిపికట్టెది ఒక దారి. ఎందుకొచ్చావు బాపూ అంటే ఇప్పటికీ ఒకటే జవాబు.

"రైలు ఖాళీగ ఉండె బిడ్డా. కాళ్లు సాపుకొని పండుకొని వచ్చిన."

అలా పడుకుని వచ్చిన మనిషి ఆ తరువాత ఇరవై ఆరేళ్లు నిలబడే బతికాడు. మరమగ్గాల షెడ్డును ఇక్కడ ఖాతా అంటారు. లింబాయత్ పేటలో మూడు ఖాతాలు మారి, చివరికి ఊరి శివారున సచిన్ అనే చోట సాటిన్ నేసే ఖాతాలో మాస్టర్ అయ్యాడు. మాస్టర్ అంటే చదువు చెప్పేవాడు కాదు. మగ్గం ఆగితే శేఠ్‌తో తిట్లు తిని, అది మళ్లీ నడిచేదాకా కార్మికులను తిట్టేవాడు. చదువు మాటకొస్తే ఏడో తరగతి రెండుసార్లు చదివాడు. రెండేళ్లు కలిపితే పద్నాలుగో తరగతి అవుతుందని మా అవ్వతో, అంటే అమ్మ భూదేవితో, వాదిస్తాడు. ఆమె ఒక్కసారీ ఒప్పుకోలేదు.

ఈ పద్నాలుగో తరగతి మనిషికి నలభై రెండో ఏట మంచు మీద జారాలని కోరిక పుట్టింది. అదీ నేను చెప్పబోయే కథ. ఆ కోరిక పుట్టించిన పాపం నాది, మా కాలేజీ ఔట్‌డోర్ క్లబ్బుది, కరోనాది. ఎవరి వాటా ఎంతో తేల్చే ఓపిక నాకు లేదు.

క్లబ్బులో పద్నాలుగు మందిమి. మా ఊళ్లో ఎత్తు అంటే ఫ్లైఓవర్. చలికాలం అంటే రెండు వారాలు ఫ్యాన్ ఆపడం. అలాంటి చోట పుట్టి పెరిగి, మనాలి పైన సోలంగ్ లోయలో స్కీయింగ్ చేస్తామని బయల్దేరిన మా పొగరు చూడండి. ప్రెసిడెంట్ పేరు ధ్రుమిల్. డబ్బున్నవాళ్ల పేట ఆల్థాన్‌లో ఉంటాడు, వాళ్ల నాన్నకు చీరల దుకాణం. మాట బెల్లం, పని సున్నా. నేను, వినోదను, బీకాం రెండో ఏడు, క్లబ్బుకు ప్లానింగ్ సెక్రటరీని. ఆ పదవి వచ్చినప్పుడు మురిసిపోయాను. దరఖాస్తులు నింపడం వచ్చినవాళ్లను పట్టుకుని ఆ కుర్చీలో కూర్చోబెడతారని తరువాత తెలిసింది.

2020 మార్చిలో మగ్గాలన్నీ ఆగాయి. పుట్టినప్పటి నుంచి ఆ చప్పుడులోనే పడుకున్నదాన్ని కాబట్టి మొదటి మూడు రోజులు నాకు నిద్ర పట్టలేదు. మే నెలలో బస్సులు దొరకగానే మా గల్లీలో సగం ఇళ్లు తాళాలేసుకుని తెలంగాణకు పోయాయి. బాపు మాత్రం కదల్లేదు. "ప్లేగుకే వచ్చినోన్ని, కరోనాకు పోతనా" అన్నాడు. ఆ మాటకు అర్థమేమిటో అవ్వకూ నాకూ తెలియలేదు, అడిగినా చెప్పేవాడు కాదు.

కాలేజీ మూసేశారు గనుక క్లబ్బు మీటింగులు ఫోన్లోకి వచ్చాయి. ఇంట్లో వీడియో కనిపించే ఫోను బాపుది ఒక్కటే. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, గల్లీ మొగ దాటితే పోలీసు లాఠీ ఎత్తే రోజుల్లో మేము ప్రతి ఆదివారం కూర్చుని మనాలి ప్రయాణం ప్లాన్ చేసేవాళ్లం. బాపు ఫోను ఇచ్చేవాడు, వదిలేవాడు మాత్రం కాదు. చేతిలో పట్టుకుని నా పక్కనే కూర్చునేవాడు. పని లేదు, పగార్ లేదు, ఇంట్లో తొమ్మిదడుగుల గది. ఎక్కడికి పోతాడు పాపం అని ఊరుకున్నాను.

రెండో మీటింగులోనే నోరు విప్పాడు. ఎవరో అమ్మాయి సంచుల గురించి మాట్లాడుతోంది. బాపు స్క్రీన్‌లోకి తల దూర్చాడు. ఆయన హిందీలోనే మాట్లాడాడు గానీ ఆయన హిందీకి లోపల ఉండేది జగిత్యాలే.

"పద్నాలుగు సంచులు ఒక్క తీర్గ నల్లగ ఉంటే ఎవలది ఎవలకు ఎర్కైతది? మేం ఊరికి పోయినప్పుడు బస్సు మీద నూరు సంచులుంటయి. మా గల్లీ సంచులకు ఒక్కటే రంగు గుడ్డపేలిక కడ్తం. అర్ధరాత్రి దించినా ఒక్కటి ఎటు పోదు."

నేను సిగ్గుతో చచ్చాను. ధ్రుమిల్ మాత్రం, "కాకా, ఇది బాగుంది, రాసుకో వినోదా" అన్నాడు. అంతే, ఇక మా బాపును ఆపడం ఎవరి తరం. ప్రతి నలుగురికీ ఒక పెద్ద ఉండాలన్నాడు. బండి ఆగిన ప్రతిచోటా ఒక మనిషి తలలు లెక్కపెట్టాలన్నాడు. రెండు పూటల తిండి చేతిలో ఉండాలి, మూడో పూటది కూడా ఉన్నట్టు ఎవరికీ చెప్పకూడదన్నాడు. దసరా వచ్చేసరికి ఏ మాట తేల్చాలన్నా పదమూడు గొంతులు "మాస్టర్ కాకా ఏమంటారు" అని అడిగేవి. ప్లానింగ్ సెక్రటరీని నేనన్న సంగతి నాకు తప్ప అందరికీ మరుపొచ్చింది.

ఒకరోజు మధ్యాహ్నం లేచి చూస్తే బాపు గోడ వైపు తిరిగి, శబ్దం తీసేసి ఫోను చూస్తున్నాడు. ఏమిటబ్బా అని వంగి చూశాను. ఎవరో ముసలాయన కాళ్లకు స్కీలు కట్టుకుని కొండ మీంచి జారుతున్నాడు. అయిపోగానే బాపు మళ్లీ మొదటి నుంచి పెట్టుకున్నాడు. నేను నిద్ర నటించాను.

ఆ వారమే డాబా మీద ఆయన్ను పట్టుకున్నాను. పట్టుకున్నానంటే, మెట్ల మీంచి చూశాను. పాత మగ్గం చెక్క పట్టీలు రెండు తెచ్చి, చెప్పులకు నూలుతాళ్లతో కట్టుకున్నాడు. అవ్వ బట్టలు ఉతకడానికి నానబెట్టిన సర్ఫ్ నీళ్లు డాబా అంతా పారబోశాడు. బట్టలారేసే తీగ పట్టుకుని మోకాళ్లు వంచాడు. నాలుగడుగులు నిజంగానే జారాడు. ఐదో అడుగులో తీగ తెగింది. గల్లీలో ఉన్న చీరలన్నీ మీద పడి, వాటి కింద నుంచి ఒక చెయ్యి మాత్రం కనిపించింది. సాయంత్రం నడుముకు జండూబామ్ రాయించుకుంటూ "బండి మీదికెల్లి పడ్డ" అన్నాడు. బండి నెల రోజులుగా పెట్రోల్ లేక మూలన ఉంది. అవ్వ ఇంకాస్త గట్టిగా రుద్దింది.

నాకు నవ్వొచ్చింది, ఆ వెంటనే కోపమొచ్చింది. ఈయన వస్తానంటాడని తెలిసిపోయింది. నా గోడు కూడా కాస్త వినండి. పుట్టి ఇరవై ఏళ్లు, ఆ గదిలో, అవ్వకూ బాపుకూ మధ్య పడుకున్నాను. గల్లీలో దగ్గితే సందు చివర "మాస్టర్ బిడ్డ దగ్గింది" అంటారు. నాలుగు రోజులు, నాలుగంటే నాలుగే రోజులు, ఎవరి బిడ్డనూ కాకుండా తిరిగి రావాలని ఆ ప్రయాణం ప్లాన్ చేసుకున్నాను. బాపుకు మంచు కావాలి. నాకు బాపు లేని మంచు కావాలి.

2021 ఫిబ్రవరికి రైళ్లు నడుస్తున్నాయి, కాలేజీ ఒప్పుకుంది, ఒక షరతు మాత్రం పెట్టింది. వెంట ఒక పెద్దమనిషి ఉండాలి. అడిగిన ప్రతి లెక్చరర్‌కూ ఉన్నట్టుండి షుగరో బీపీయో బయటపడింది. మీటింగులో ఆ మాట వచ్చినప్పుడు బాపు ఫోను పట్టుకుని నా పక్కనే ఉన్నాడు. నేనే గబగబా అన్నాను, "ధ్రుమిల్, మీ చిన్నాన్న ఖాళీయే కదా, ఆయన్ను అడుగు" అని. బాపు చేతిలో ఫోను కొంచెం పక్కకు ఒరిగింది. స్క్రీన్ మీద నా మొహం సగం తెగిపోయింది. ఆయన సర్దుకుని మళ్లీ నిటారుగా పట్టుకున్నాడు. చిన్నాన్న సరేనన్నాడట.

ఇక బట్టల సంగతి. మంచులో వేసుకునే సూట్లు అక్కడ రోడ్డు పక్కనే అద్దెకు దొరుకుతాయి. కానీ ఎవరో తుమ్మి విడిచిన సూటు మనమెలా తొడుక్కుంటామని అమ్మాయిలు, అబ్బాయిలు అందరూ వణికారు. అప్పుడు బాపు దగ్గి గొంతు సవరించుకున్నాడు.

"సూట్లు నేను కుట్టిస్త. మా ఖాతల గుడ్డ ఉన్నది."

గుడ్డ ఉన్న మాట నిజమే. ఆ ఏడు పెళ్లిళ్లన్నీ ఆగిపోయి, ఘాగ్రాల కోసం నేసిన రాణీరంగు సాటిన్ ఖాతాలో గుట్టలుగా పడి ఉంది. జాగా ఖాళీ అయితే చాలు తీసుకుపొమ్మన్నాడు శేఠ్. బాపు ఏదో ఒకటి మోసుకురాలేదు. ఒక రోజంతా కూర్చుని ఏరాడు. సాటిన్‌ను పరీక్షించే పద్ధతి ఒకటుంది వాళ్లకు. వాలుబల్ల మీద గుడ్డ పరిచి పైనుంచి అరచేత్తో నిమురుతారు. చెయ్యి ఎక్కడైనా పట్టిందా, ఆ మాల్ డ్యామేజ్ కింద పక్కన పడేస్తారు. ఎక్కడా పట్టకుండా జర్రున కిందికి వచ్చిందా, అది ఫస్ట్ క్లాస్. ఇరవై ఆరేళ్లుగా ఆయన చెయ్యి అదొక్కటే నేర్చుకుంది. ఉన్న గుట్టలో అన్నిటికంటే ఎక్కువ జారే గుడ్డను ఏరి, ఇది మా పిల్లలకు అని తెచ్చాడు.

మీకు ఇప్పటికే అర్థమై ఉంటుంది. మాకు అర్థం కాలేదు. నేత కులంలో పుట్టి, నేత గల్లీలో పెరిగి, చీరల దుకాణాల పిల్లలతో క్లబ్బు పెట్టి, ఒక్కరికంటే ఒక్కరికీ అనుమానం రాలేదు. గుడ్డ పట్టుకున్న ప్రతివాడూ "వాహ్, ఏం జారుతోంది" అని మెచ్చుకున్నవాడే. లాక్‌డౌన్‌లో అవ్వ అదే సాటిన్‌తో మాస్కులు కుడితే ముక్కు మీద ఒక్కటీ నిలవలేదు. అది చూసి కూడా మాకు బుద్ధి రాలేదు.

అవ్వ మూడు వారాలు మిషను తొక్కింది. లోపల దూది పొర, మధ్యలో ప్లాస్టిక్, పైన రాణీరంగు. అందరం గల్లీలో వేసుకుని చూసుకుంటుంటే అటు పోతున్న ఒకాయన బండి ఆపి, పెళ్లికి మీ బ్యాండు ఎంత తీసుకుంటారని అడిగాడు. కుట్టింది పదిహేను సూట్లు. క్లబ్బు వాళ్లం పద్నాలుగు మందిమే. ధ్రుమిల్ చిన్నాన్నకు సొంత కోటు ఉందట.

"అదెవలిది?" అని అడిగింది అవ్వ.

"శాంపిల్ పీసు" అన్నాడు బాపు.

ఆ శాంపిల్ పీసు కొలతలు సరిగ్గా ఆయనవే. అవ్వకు తెలుసు, నాకు తెలుసు. అవ్వ దాన్ని మడతపెట్టి అన్నిటికంటే కింద పెట్టింది.

బయల్దేరడానికి రెండు రోజులుందనగా ధ్రుమిల్ చిన్నాన్న దగ్గాడు. ఒక్కసారే దగ్గాడట. ఇంటిల్లిపాదీ ఆయన్ను మేడ మీద గదిలో పెట్టి తలుపేశారు. ఇక ధ్రుమిల్ ఫోను చేశాడు, "మాస్టర్ కాకా ఉన్నారుగా" అని. బాపు నా మొహం చూశాడు.

"నాకు ఖాతల పనున్నది" అన్నాడు మెల్లగా.

రమ్మని నేను అనాలి. "నీ ఇష్టం" అన్నాను. ఎలాంటి గొంతుతో అన్నానో చెప్పడానికి నాకిప్పుడు నోరు రావడం లేదు. నేను కాదంటే ప్రయాణమే ఆగిపోతుందని ఇద్దరికీ తెలుసు. ఆయన సంచి సర్దుకున్నాడు. అడుగున రాణీరంగు అంచు కనిపిస్తే, "ఊకెనే పెట్టిన, దిండు లెక్క పనికొస్తది" అన్నాడు.

రైల్లో, బస్సులో ఆయన చెప్పినవన్నీ చేశాడు. పదిహేను సంచులకు పచ్చ పేలికలు కట్టాడు. బండి ఆగిన ప్రతిచోటా వేలు చూపిస్తూ తలలు లెక్కపెట్టాడు. ఒకసారి పదహారొచ్చింది, మాతో కూర్చుని టీ తాగుతున్న టీసీని కూడా కలిపేశాడు. దాచిన మూడో పూట తిండి అంబాలా దగ్గర రైలు నాలుగు గంటలు ఆగినప్పుడు బయటికి తీశాడు, అందరూ ఆయన కాళ్లు మొక్కారు. నేను మాత్రం కిటికీ వైపు తిరిగి, వీలైనంత ముభావంగా తిన్నాను.

సోలంగ్‌లో దిగి మొదటిసారి మంచు చూసినప్పుడు బాపు మాస్కు గడ్డం కిందికి లాక్కున్నాడు. తరువాత వంగి అరచేత్తో మంచును నిమిరాడు. "ఒక్క మరక లేదు" అన్నాడు. అప్పటికే శాంపిల్ పీసు ఒంటి మీద ఉంది. ఎప్పుడు తొడుక్కున్నాడో నేను చూడలేదు.

స్కీయింగ్ నేర్పే ఆయన ఎండకు కమిలిన మొహంతో మా కోసం కాచుకుని ఉన్నాడు. రాణీరంగులో పదిహేను మంది వరసగా రావడం చూసి కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు. ముందు ధ్రుమిల్ కూర్చుని బూటు బిగించుకోబోయాడు. కూర్చున్నవాడు కూర్చున్నట్టే కదిలాడు. బూటు చేత్తో పట్టుకుని, ఎవరైనా పట్టుకోండర్రా అన్నట్టు మా వైపు చూస్తూ, వాలు పొడుగునా పోయి టీ కొట్టు కంచెకు తగిలి ఆగాడు. వాణ్ణి లేపడానికి పోయిన ఇద్దరు వాడి మీదే పోయి పడ్డారు. ఒకమ్మాయి నవ్వలేక కూలబడి, ఆ నవ్వుతోనే మా అందరినీ దాటి వెళ్లిపోయింది. పావుగంటలో కంచె దగ్గర ఒక రాణీరంగు కుప్ప తయారైంది.

నేర్పే ఆయన వచ్చి నా భుజం మీద గుడ్డను వేలితో రుద్ది చూశాడు. ఆయన మొహంలో నవ్వు లేదు. మంచులో పడటం తప్పు కాదు, పడ్డాక ఆగాలి, ఆపేది ఒంటి మీది గుడ్డే అన్నాడు. పై వాలు మీద పడితే ఈ గుడ్డ బండలు తగిలేదాకా ఆగదు, ఈ బట్టలతో ఒక్కరినీ పైకి తీసుకుపోనన్నాడు. అద్దె సూట్ల కోసం ఇద్దరు పరుగెత్తి వట్టి చేతులతో వచ్చారు. లాక్‌డౌన్‌లో ఉక్కపోసిన దేశమంతా ఆ ఆదివారం సోలంగ్‌లోనే ఉంది, సూట్లన్నీ వాళ్ల ఒంటి మీదే ఉన్నాయి. మాకు ఉన్నది ఆ ఒక్కరోజే. మర్నాడు పొద్దున తిరుగు బస్సు.

అందరూ బాపు వైపు చూశారు. "ఇరవై ఆరేళ్లు గుడ్డలోనే ఉన్నారు కదా కాకా" అన్నాడు ధ్రుమిల్, నొచ్చుకుంటూనే. బాపు తన మోచేతిని తానే నిమురుకుంటున్నాడు. చెయ్యి ఎక్కడా పట్టడం లేదు. అంత మంచి గుడ్డ ఎలా తప్పయిందో ఆయనకు ఇంకా తెలియడం లేదని నాకు అర్థమైంది. అయినా నేను ఆగలేదు. మిగతావాళ్లకు అర్థం కాకుండా తెలుగులో అన్నాను.

"నిన్నెవలు రమ్మన్నరు బాపూ? మంచు మీద జారాలని నీకు సోకుంటే నువ్వొక్కనివే ఏడనన్న పోయి జారాల్సింది. డాబా మీద జారింది సాలలేదా? అందరి ట్రిప్పు ఎందుకు ఖరాబు చేసినవ్?"

తన కోరిక నాకు తెలుసని ఆయనకు తెలిసింది అప్పుడే. చెవులు ఎర్రబడ్డాయి. "సోకేం లేదు బిడ్డా" అన్నాడు. టీ కొట్టు వైపు నడిచాడు.

కొట్టు వెనక ఆలుగడ్డల గోనెసంచులు మూడున్నాయి. కొట్టాయనతో ఏం మాట్లాడాడో, ఆ సంచులు దులిపించుకుని తెచ్చి బల్ల మీద కూర్చున్నాడు. జేబులో ఎప్పుడూ ఉండే పెద్ద సూది, చిన్న కత్తెర తీశాడు. "ఒక్కొక్కలు ప్యాంటు ఇయ్యుండ్రి" అన్నాడు. గోనెను చదరాలుగా కోసి, వెనక ఒక పెద్ద పట్టీ, మోకాళ్లకు రెండు చిన్నవి వేయడం మొదలుపెట్టాడు. మొదటిది ధ్రుమిల్‌ది. వాడు తొడుక్కుని వాలు మీద కావాలనే పడ్డాడు. రెండడుగులు జారి ఆగాడు. నేర్పే ఆయన వచ్చి పట్టీని గుంజి చూసి, పట్టీ ఉన్నవాళ్లు పైకి రావచ్చు, లేనివాళ్లు రాకూడదన్నాడు.

నాది మూడోది. బాపు నా వైపు చూడకుండా ఇచ్చాడు, నేను ఆయన వైపు చూడకుండా తీసుకున్నాను.

ఆ తరువాత నేనేం చేశానో దాచను. స్కీలు కట్టుకున్నాను. పడ్డాను, లేచాను, ఇరవైసార్లు పడ్డాక ఒకసారి పడకుండా కిందిదాకా వచ్చాను. గాలి చెవుల్లో కోస్తుంటే, నా ఒంట్లో ఇలాంటి సంతోషం ఒకటి ఉందని ఇన్నాళ్లూ ఎవరూ చెప్పలేదేమని ఏడుపొచ్చింది. నాలుగు గంటల దాకా బాపు నాకు ఒక్కసారి కూడా గుర్తు రాలేదు. ఎవరి బిడ్డనూ కాకుండా ఉండాలనుకున్నాను కదా, ఉన్నాను.

నాలుగింటికి పైన నిలబడి కిందికి చూస్తే టీ కొట్టు పక్కన రాణీరంగులో ఒక మనిషి వేలు చూపిస్తూ వాలంతా చూస్తున్నాడు. తలలు లెక్కపెడుతున్నాడు. నేను గబగబా దిగి వచ్చాను. బల్ల మీద సూది, కత్తెర సర్ది ఉన్నాయి. గోనె పీలిక కూడా మిగల్లేదు. ఆయన ప్యాంటుకు పట్టీ లేదు.

"నీదేది బాపూ?"

"సంచులు అయిపోయినయ్. పట్టీ లేనోళ్లు పోవద్దన్నడు గద, రూల్ అంటే రూలే" అన్నాడు. తరువాత అడిగాడు, "అందరు ఆగుతున్నరా?"

అందరూ ఆగుతున్నారు. పొద్దున పది నుంచి పద్నాలుగు ప్యాంట్లకు పట్టీలు వేసి, వేళ్లు చలికి కొయ్యబారి, ఆ మనిషి నన్ను అడిగిన మాట అది. నా మీద నాకు అసహ్యం వేసింది. నా ప్యాంటు విప్పాను, లోపల ట్రాక్ ప్యాంటు ఉంది లెండి. ఆయన చేతిలో పెట్టాను.

"తొడుక్కో."

"నువ్వు ఆడు బిడ్డా, ఇంకో పావుగంట ఉన్నది."

"తొడుక్కో బాపూ. బతిమాలుతున్న."

తన సాటిన్ ప్యాంటు మీదనే నాది ఎక్కించుకున్నాడు. స్కీలు, కూర్చుని జారే స్లెడ్జీలు అప్పటికే కట్టలు కడుతున్నారు. నేర్పే ఆయన గడియారం చూసుకుని, కింద పిల్లలు ఆడుకునే చిన్న వాలు చూపించాడు, అక్కడ ఊరికే కూర్చుని జారమన్నాడు. బాపు వంగి వంగి ఎక్కాడు. క్లబ్బంతా కింద చేరి "మాస్టర్ కాకా" అని చప్పట్లు కొడుతోంది. కూర్చున్నాడు. చేతులతో మంచును వెనక్కి నెట్టాడు. జానెడు కదిలి ఆగాడు. మళ్లీ నెట్టాడు, మళ్లీ జానెడు. గోనెపట్టీ తన పని తాను బ్రహ్మాండంగా చేస్తోంది. అలా నెట్టుకుంటూ నెట్టుకుంటూ వాలు మధ్యకు వచ్చి, అక్కడ పూర్తిగా ఆగిపోయాడు.

"బిడ్డా, ఇది కదుల్తలేదు."

"విప్పెయ్ బాపూ."

ఆయన అటూ ఇటూ చూశాడు. "గింతమంది ముంగట?"

"కింద నీదున్నది గద. విప్పు."

నేర్పే ఆయన నా మాట అర్థమైనట్టే తల పక్కకు తిప్పుకున్నాడు. బాపు నిలబడి నా ప్యాంటు విప్పాడు. విప్పి, దులిపి, నాలుగు మడతలు పెట్టి చంకలో పెట్టుకున్నాడు. తన ఫస్ట్ క్లాస్ సాటిన్ మీద మంచులో కూర్చున్నాడు. నెట్టాల్సిన పని కూడా లేకపోయింది.

ఎలా వచ్చాడో నాకు పూర్తిగా గుర్తుంది. నోరు తెరుచుకుని, కళ్లు మూయకుండా, ఒక చెయ్యి గాల్లో, ఒక చెయ్యి చంకలో మడతను నొక్కిపట్టి వచ్చాడు. ఆపేవాళ్లు లేకపోతే రోడ్డు మీదికి పోతాడని పద్నాలుగు మందిమి చేతులు పట్టుకుని అడ్డం నిలబడ్డాం. ఆయన మధ్యలో నిలబడ్డ నా మీదికే వచ్చాడు. ఇద్దరం కలిసి వెల్లకిలా పడి, ఇంకో పది గజాలు పోయి ఆగాం.

బాపు లేవలేదు. ఆకాశం వైపు చూస్తూ పడుకుని ఏడుస్తున్నాడు. నవ్వుతూనే ఏడుస్తున్నాడు. మా బాపు ఏడవగా నేను చూడటం అదే మొదలు. నాకూ ఆగలేదు.

"పొద్దుగాల గట్ల అనకుండ ఉండాల్సింది బాపూ. తప్పైంది."

ఆయన ముక్కు తుడుచుకున్నాడు. తొడ మీది గుడ్డను ఒకసారి అరచేత్తో నిమిరి చూసుకున్నాడు.

"గుడ్డకేం తక్వ లేదు బిడ్డా. జారుతందుకే ఇంత దూరం వచ్చి, ఆగుతలేదని మీరు ఏడ్సిన్రు" అన్నాడు.

లేచి, నా ప్యాంటు నా చేతిలో పెట్టి, మళ్లీ పైకి నడిచాడు.